ఒక్క చుక్క రక్తం, ఒక అంకె: బయోసెన్సర్ల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

షుగర్ మెషిన్‌తో రోజూ వేలు గుచ్చుకునేవాళ్లు, ఏజెన్సీ గ్రామాల్లో మలేరియా కార్డులు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగే ఆశా కార్యకర్తలు, కాలేజీ ల్యాబ్‌లో సొంతంగా సెన్సర్ చేయాలని కూర్చున్న విద్యార్థులు, అందరూ అడిగేది చివరికి ఒకటే: వచ్చిన అంకెను ఎంతవరకు నమ్మాలి? పొరపాటు చాలాసార్లు మెషిన్‌లో ఉండదు. చుక్క మెషిన్‌కు చేరేలోపే జరిగిపోతుంది. అందుకే ఈ పేజీలో చుక్క గురించే ఎక్కువ చెప్పాం.

బయోసెన్సర్ అంటే ఏమిటి? ల్యాబ్ పరీక్షకూ దీనికీ తేడా ఏమిటి?

వందల పదార్థాలు కలిసి ఉన్న రక్తంలో కావలసిన ఒక్కదాన్నే పట్టుకోవడం మొదటి పని. ఎంజైమో, యాంటీబాడీయో, డీఎన్‌ఏ ముక్కో ఆ పని చేస్తుంది. పట్టుకున్న సంగతిని కరెంటుగానో, రంగుగానో, వెలుతురుగానో మార్చి చూపడం రెండో పని. ఈ రెండూ ఒకదానికొకటి అంటుకుని ఒకేచోట ఉంటే దాన్ని బయోసెన్సర్ అంటాం. ల్యాబ్‌లోనైతే రక్తాన్ని తిప్పి, సీరం వేరుచేసి, రసాయనాలు కలిపి, పెద్ద యంత్రంలో కొలుస్తారు.

1962లో అమెరికాలో లీలాండ్ క్లార్క్, చాంప్ లయన్స్ ఆక్సిజన్ ఎలక్ట్రోడ్‌కు గ్లూకోజ్ ఆక్సిడేజ్ ఎంజైమును జతచేసే ఆలోచనను ప్రచురించారు. అక్కడే ఇది మొదలైంది. అదే పద్ధతి మీద 1975లో ఆస్పత్రి ల్యాబ్‌లకు యంత్రం వచ్చింది. 1987లో పెన్ను ఆకారంలో ఎక్సాక్‌టెక్ మీటరు వచ్చాక ఈ పద్ధతి ఇళ్లలోకి చేరింది.

షుగర్ స్ట్రిప్ లోపల ఆ అయిదు సెకన్లలో ఏం జరుగుతుంది?

స్ట్రిప్ కొసను వెలుతురుకు పట్టి చూడండి. వెంట్రుక మందం సందు ఒకటి కనిపిస్తుంది. చుక్క తగలగానే రక్తాన్ని లోపలికి లాక్కునేది అదే. స్ట్రిప్‌ను బట్టి 0.3 నుంచి 1 మైక్రోలీటరు రక్తం చాలు. సందు అడుగున కార్బన్‌తోనో, బంగారం, పల్లాడియం లాంటి లోహాలతోనో వేసిన ఎలక్ట్రోడ్‌లు ఉంటాయి. వాటి మీద ఎంజైమూ, మీడియేటర్ అనే పదార్థమూ ఎండిన పొరగా ఉంటాయి.

రక్తం తడి తగలగానే పొర కరుగుతుంది. ఎంజైము ఒక్కో గ్లూకోజ్ అణువు నుంచి రెండు ఎలక్ట్రాన్లు లాగేస్తుంది. మీడియేటర్ వాటిని మోసుకెళ్లి ఎలక్ట్రోడ్‌కు అప్పగిస్తుంది. చాలా స్ట్రిప్‌లలో ఆ మోతగాడు ఫెర్రీసైనైడ్. మీటరు వోల్టులో మూడో వంతు, అటూ ఇటూగా పెట్టి, వచ్చే కరెంటును కొలుస్తుంది. ఆ కరెంటు మైక్రోఆంపియర్లలో ఉంటుంది, క్షణక్షణానికీ తగ్గుతూ పోతుంది. అందుకే మీటరు దాన్ని ముందే నిర్ణయించిన క్షణంలో చదువుతుంది. గది వేడి మారితే ఎంజైము వేగమూ మారుతుంది కాబట్టి మీటరులో ఒక చిన్న ఉష్ణోగ్రత సెన్సర్ కూడా ఉంటుంది. ఏసీ గదిలోంచి తెచ్చిన మీటరును ఎండలో వెంటనే వాడకుండా, పది ఇరవై నిమిషాలు ఆగమనేది ఇందుకే.

వెంటవెంటనే రెండుసార్లు చూస్తే 168, 181 వచ్చాయి. మెషిన్ పాడైందా?

పాడవలేదు. ఐఎస్‌ఓ 15197 అనే అంతర్జాతీయ ప్రమాణం 2013 రూపం ప్రకారం, ల్యాబ్ విలువ (డెసిలీటరుకు, అంటే 100 మి.లీ. రక్తానికి, మి.గ్రా.లలో) 100 లోపు ఉంటే మీటరు అటూ ఇటూ 15 మి.గ్రా., 100 గానీ అంతకుమించి గానీ ఉంటే అటూ ఇటూ 15 శాతం తేడా చూపవచ్చు. నూటికి 95 కొలతలు ఈ హద్దులో ఉంటే మీటరు పాసైనట్టే. అసలు షుగర్ 180 అయితే 153 నుంచి 207 వరకు ఏది వచ్చినా నియమం లోపలే. 168, 181 ఆ లెక్కన ఒకే జవాబు. ఒక్క అంకె చూసి మందు మార్చకండి. వారం రోజులు ఒకే వేళకు చూసిన అంకెలు రాసుకుని డాక్టరుకు చూపించండి. ఇక 70 కన్నా తక్కువ వచ్చి, చెమటలు, వణుకు ఉంటే మాత్రం అంకె గురించి ఆలోచిస్తూ కూర్చోవద్దు. ముందు మూడు నాలుగు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగి, పావుగంట తర్వాత మళ్లీ చూసుకోండి.

వేలు గుచ్చేటప్పుడు ఎక్కడ తప్పు జరుగుతుంది?

అన్నిటికన్నా పెద్ద తప్పు చేతులు కడుక్కోకపోవడం. లెక్క చూడండి. షుగర్ 100 ఉన్నప్పుడు అర మైక్రోలీటరు రక్తంలో ఉండే గ్లూకోజ్ అర మైక్రోగ్రాము, అంటే గ్రాములో ఇరవై లక్షల వంతు. ద్రాక్షరసంలో నూటికి ఏడెనిమిది పాళ్లు గ్లూకోజే. ద్రాక్షపండు తుంచిన వేలి మీద మైక్రోలీటరులో నూరో వంతు కూడా లేని రసం మిగిలి, అదంతా చుక్కలో కలిస్తే చాలు, 100 కాస్తా 200 అయిపోతుంది. కంటికి కనిపించదు, వేలికి జిగటగా కూడా తగలదు. ఆ అంకె చూసి ఇన్సులిన్ డోసు పెంచితే అర్ధరాత్రి షుగర్ పడిపోయే ప్రమాదం ఉంది.

మేం చెప్పే క్రమం ఇది. సబ్బుతో, వీలైతే గోరువెచ్చని నీళ్లతో కడుక్కోండి. పూర్తిగా తుడుచుకోండి, తడి ఉంటే చుక్క పలచబడి అంకె తగ్గుతుంది. స్పిరిట్ వాడితే ఆరిపోయేదాకా ఆగండి. చేతిని కిందికి వేలాడదీసి అరనిమిషం ఊపితే రక్తం వేలి కొసకు దిగుతుంది. వేలి మధ్యలో కాకుండా పక్కన గుచ్చండి, నొప్పి తక్కువ. చుక్క రాకపోతే అరచేతి వైపు నుంచి కొస వైపు మెల్లగా నిమరండి. కొసనే పట్టి గట్టిగా పిండితే కణజాలంలోని నీరు రక్తంలో కలుస్తుంది. కడుక్కునే వీలు లేనిచోట మొదటి చుక్క తుడిచేసి రెండో చుక్క తీసుకోండి.

స్ట్రిప్ కొసను చుక్క అంచుకు తాకించండి, అదే లాక్కుంటుంది. చుక్కను స్ట్రిప్ మీద పూయకండి. చాలలేదని తర్వాత ఇంకో చుక్క కలపడం కొన్ని రకాల స్ట్రిప్‌లకే కుదురుతుంది. మిగతావాటిలో అది తప్పుడు అంకెకు దారి. సూది ఒకరిది ఇంకొకరు వాడనే కూడదు, భార్యాభర్తలైనా సరే. హెపటైటిస్ బి వ్యాపించడానికి కంటికి కనిపించనంత రక్తం చాలు.

మెషిన్‌కూ ల్యాబ్ రిపోర్టుకూ ముప్పై తేడా వచ్చింది. ఏది నిజం?

రెండూ నిజం కావచ్చు. తిన్న తర్వాత వేలి రక్తంలో షుగర్ చేతి నరం రక్తంలో కన్నా ఎక్కువ ఉంటుంది. 20–30 మి.గ్రా. తేడా మామూలే, కొందరిలో ఇంకా ఎక్కువ. పరగడుపున ఈ తేడా దాదాపు ఉండదు. ఇక రెండో సంగతి. ట్యూబులోకి తీసిన రక్తంలో కణాలు బతికే ఉంటాయి, గ్లూకోజ్ తింటూనే ఉంటాయి. గది వేడిలో గంటకు సుమారు 5–7 శాతం తరిగిపోతుంది. పల్లెలో పొద్దున్నే తీసిన శాంపిల్ బండి మీద పట్నం ల్యాబ్‌కు చేరేసరికి మూడు గంటలైతే, 120 ఉన్నది వంద దగ్గరికి వస్తుంది. బూడిదరంగు మూత ట్యూబులోని ఫ్లోరైడ్ దీన్ని ఆపుతుంది గానీ, దాని ప్రభావం పూర్తిగా అందుకోవడానికి గంట, రెండు గంటలు పడుతుంది.

పోల్చి చూడాలంటే పరగడుపున ల్యాబ్‌కు మీ మీటరు తీసుకెళ్లండి. నరం నుంచి రక్తం తీసిన అయిదు నిమిషాల లోపు వేలి చుక్కతో చూసుకోండి. ఫ్లోరైడ్ ట్యూబులో రక్తాన్ని స్ట్రిప్ మీద వేయకండి. అంకెల తేడా 15 శాతం దాటితే, మీటరు కంపెనీ ఇచ్చే, గ్లూకోజ్ ఎంతో ముందే తెలిసిన కంట్రోల్ ద్రావణంతో ఒకసారి పరీక్షించండి. ఆ ద్రావణానికి వచ్చిన విలువ స్ట్రిప్ డబ్బా మీద అచ్చువేసిన హద్దుల్లో పడాలి.

ఎండాకాలంలో స్ట్రిప్‌లు ఎక్కడ పెట్టాలి? ఫ్రిజ్‌లో పెట్టొచ్చా?

ఫ్రిజ్ వద్దు. చాలా స్ట్రిప్‌లకు కంపెనీలు చెప్పే హద్దు 4 నుంచి 30 డిగ్రీలు. కానీ ఫ్రిజ్‌లోంచి తీసి మూత తెరిస్తే లోపల తేమ పేరుకుంటుంది. ఎంజైముకు వేడి కన్నా తేమే పెద్ద శత్రువు. రెంటచింతల, రామగుండం వైపు మే నెలలో 45 డిగ్రీలు దాటుతుంది. అక్కడ మూసిన కారు డ్యాష్‌బోర్డు మీద స్ట్రిప్ డబ్బా పెడితే ఒక్క మధ్యాహ్నం చాలు పాడవడానికి. ఇంట్లో చల్లటి గది, కిటికీకి దూరంగా, వంటింటి ఆవిరి తగలని అర అయితే సరిపోతుంది. కుండ పక్కన మాత్రం పెట్టకండి.

డబ్బా మూతను తిప్పి చూస్తే లోపల తేమ పీల్చే తెల్ల బిళ్లో, పొడి ఉన్న అరో కనిపిస్తుంది. స్ట్రిప్ తీయగానే మూత టక్కున నొక్కాలి. స్ట్రిప్‌లను వేరే డబ్బాలోకి, పర్సులోకి మార్చకండి. డబ్బా తెరిచిన తేదీ పెన్నుతో మూత మీద రాయండి. తెరిచాక ఎన్ని నెలలు వాడొచ్చో డబ్బా మీదే ఉంటుంది, మామూలుగా మూడు నుంచి ఆరు నెలలు. పెద్ద డబ్బా చవగ్గా వస్తుందని కొని, వారానికి ఒకసారి మాత్రమే చూసుకునేవాళ్లకు సగం స్ట్రిప్‌లు ఇలాగే వృథా అవుతాయి.

రక్తహీనత ఉంటే అంకె మారుతుందా? మందుల వల్ల?

మారుతుంది. ఎర్రకణాలు తక్కువైతే చుక్కలో ప్లాస్మా పాలు పెరుగుతుంది, గ్లూకోజ్ ఎలక్ట్రోడ్ వైపు సులువుగా కదులుతుంది, అంకె అసలు కన్నా ఎక్కువ చూపుతుంది. ఎర్రకణాలు ఎక్కువైతే తక్కువ చూపుతుంది. కొత్త మీటర్లు దీన్ని కొంత సరిదిద్దుతాయి. హిమోగ్లోబిన్ 7, 8 ఉన్న గర్భిణులు మీటరు అంకె మీదే ఆధారపడకూడదు.

శిరలోకి విటమిన్ సి ఎక్కువ మోతాదులో ఎక్కిస్తుంటే, ఎంజైముతో పనిలేకుండా అదే నేరుగా ఎలక్ట్రాన్లు ఇస్తుంది, అంకె ఉబ్బుతుంది. గ్లూకోజ్ ఆక్సిడేజ్ స్ట్రిప్‌లలో ఆక్సిజన్ కూడా మీడియేటర్‌తో పోటీపడుతుంది. ఆక్సిజన్ పెట్టిన రోగిలో అంకె తగ్గి కనిపించవచ్చు. అన్నిటిలోకీ ప్రాణాంతకమైంది ఇంకొకటి. పీక్యూక్యూ రకం ఎంజైము వాడే స్ట్రిప్‌లు మాల్టోజ్ అనే వేరే చక్కెరను కూడా గ్లూకోజ్‌గా లెక్కేస్తాయి. ఒంట్లో మాల్టోజ్‌గా విడిపోయే ఐకోడెక్స్‌ట్రిన్ ద్రావణంతో కడుపు ద్వారా డయాలసిస్ చేసుకునేవాళ్లలో షుగర్ నిజంగా పడిపోయినా మీటరు ఎక్కువ చూపేది. మరణాలు జరిగాక 2009లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరిక ఇచ్చింది. ఇంట్లో డయాలసిస్ చేసుకునేవాళ్లు స్ట్రిప్ డబ్బాలోని కాగితంలో ఎంజైము పేరు చూడకుండా కొనకండి. బీపీ బాగా పడిపోయి చేతులు చల్లబడిన రోగికి వేలి చుక్క అసలు నమ్మదగ్గది కాదు.

లండన్‌లో అబ్బాయి షుగర్ 7.2 అంటున్నాడు, ఇక్కడ మాకు 130 వస్తోంది. ఎవరిది ఎక్కువ?

రెండూ ఒకటే. బ్రిటన్, ఆస్ట్రేలియాలలో మిల్లీమోల్స్‌లో చెబుతారు. దాన్ని 18తో గుణిస్తే మన మి.గ్రా. లెక్క వస్తుంది: 7.2 అంటే 130. అమెరికాలో మన లెక్కే.

షుగర్‌కు ఇంత సులువుగా ఉంటే, గుండెపోటుకూ క్యాన్సర్‌కూ ఇలాంటి స్ట్రిప్ ఎందుకు లేదు?

గ్లూకోజ్ విషయంలో అన్నీ కలిసొచ్చాయి. రక్తంలో బోలెడంత ఉంటుంది, దాన్నే పట్టే గట్టి ఎంజైము ప్రకృతిలో దొరికింది, ఆ ఎంజైమే కరెంటు పుట్టిస్తుంది. గుండె కండరం దెబ్బతిన్నప్పుడు వచ్చే ట్రోపోనిన్‌ను చూడండి. ల్యాబ్‌లు హద్దుగా పెట్టుకునే విలువ లీటరుకు పది పదిహేను నానోగ్రాముల దగ్గర ఉంటుంది. అణువుల లెక్కన చూస్తే గ్లూకోజ్ దానికి దాదాపు వెయ్యి కోట్ల రెట్లు ఎక్కువ. పైగా ట్రోపోనిన్‌తో చర్య జరిపి కరెంటు ఇచ్చే ఎంజైము లేదు. రెండు యాంటీబాడీలు కావాలి: ఒకటి పట్టి ఉంచడానికి, రెండోది గుర్తు తగిలించడానికి. మధ్యలో కడగాలి. కడగడమనే ఈ ఒక్క మెట్టే స్ట్రిప్‌ను యంత్రంగా మార్చేస్తుంది.

ఛాతీ నొప్పి ఉంది, ట్రోపోనిన్ కార్డులో గీత రాలేదు. ఇంటికి వెళ్లిపోవచ్చా?

వద్దు. నొప్పి మొదలైన తొలి గంటల్లో ట్రోపోనిన్ రక్తంలోకి ఇంకా చాలినంత వచ్చి ఉండదు. కార్డులకు ల్యాబ్ యంత్రాలంత సున్నితత్వం లేదు. ఈసీజీ తీసి, ల్యాబ్‌లో గంట నుంచి మూడు గంటల తేడాతో మళ్లీ కొలిచి, అంకె పెరుగుతోందా లేదా చూస్తారు. నొప్పి ఉన్నవాళ్లు 108కి ఫోన్ చేయాలి, కార్డు కోసం మందుల షాపుకు కాదు. అలాగే కిడ్నీ జబ్బు, తీవ్రమైన ఇన్‌ఫెక్షన్ ఉన్నవాళ్లలోనూ ట్రోపోనిన్ పెరుగుతుంది. కాబట్టి గీత వచ్చినంత మాత్రాన అది గుండెపోటే అని కూడా కాదు.

జుట్టు కోసం బయోటిన్ మాత్రలు వేసుకుంటుంటే డాక్టరుకు తప్పకుండా చెప్పండి. కొన్ని ల్యాబ్ పరీక్షలు బయోటిన్ అతుకు మీదే నడుస్తాయి. రక్తంలో అది ఎక్కువగా ఉంటే ట్రోపోనిన్ తప్పుగా తక్కువ వస్తుంది. ఎఫ్‌డీఏ 2017లో దీని మీద హెచ్చరించింది.

మలేరియా కార్డు ఎలా పనిచేస్తుంది? వాడేటప్పుడు ఏం జాగ్రత్త?

దోమ కడుపులో మలేరియా క్రిమిని రోనాల్డ్ రాస్ చూసింది 1897 ఆగస్టు 20న, సికింద్రాబాద్ బేగంపేటలో, మైక్రోస్కోపు కింద. ఇప్పుడు పాడేరు కొండల్లో మైక్రోస్కోపు లేని గూడెంలోనూ పావుగంటలో మనిషి రక్తంలో ఆ క్రిమి జాడ తెలుస్తోంది. కార్డు లోపల కాగితంలాంటి నైట్రోసెల్యులోజ్ పట్టీ ఉంటుంది. రక్తం, కిట్‌లో ఇచ్చే బఫరు అనే ద్రవం కలిసి దాని వెంట పాకుతాయి. దారిలో బంగారపు నానో రేణువులకు అతికించిన యాంటీబాడీలు క్రిమి ప్రొటీనును పట్టుకుంటాయి. ముందున్న గీత దగ్గర కాచుకున్న యాంటీబాడీలు ఆ జంటను ఆపేస్తాయి. రేణువులు పేరుకున్నచోట ఎర్రగీత కనిపిస్తుంది. బంగారం అంత చిన్న రేణువులుగా ఉన్నప్పుడు ఎర్రగానే కనిపిస్తుంది మరి.

వేయాల్సిన రక్తం మామూలుగా 5 మైక్రోలీటర్లు, కిట్‌లో ఇచ్చిన గొట్టంతోనో లూప్‌తోనో. ఎక్కువ వేస్తే పట్టీ అంతా ఎర్రబడి గీత కనపడదు. బఫరు చుక్కలు కిట్ కాగితంలో రాసినన్నే. బఫరు అయిపోయిందని సెలైన్, నీళ్లు, వేరే కిట్ బఫరు వాడితే మలేరియా లేనివాళ్లకూ గీత వస్తుంది. చెప్పిన నిమిషాలకే చదవాలి, సాధారణంగా 15–20. గంట తర్వాత ఎండిన కార్డు మీద వచ్చే గీతకు అర్థం లేదు. సమయానికి వచ్చిన గీత ఎంత పలచగా ఉన్నా పాజిటివే. కార్డు సరిగ్గా పనిచేసిందని చూపే కంట్రోల్ గీత రాకపోతే ఆ కార్డు పారేసి కొత్తది వేయాలి.

ఫాల్సిపేరం అనే ప్రమాదకర మలేరియా రకం గీత పట్టే హెచ్‌ఆర్‌పీ2 ప్రొటీను, క్రిమి చచ్చాక కూడా వారాల తరబడి రక్తంలో ఉంటుంది. అందుకే మందు పనిచేసిందో లేదో ఈ గీతతో చూడకూడదు, రక్తపు పూత స్లైడే దిక్కు. ఈ ప్రొటీను జన్యువు లేని క్రిములు కూడా ఉన్నాయి. చలిజ్వరం వదలకపోతే కార్డు నెగెటివ్ అని ఊరుకోకుండా స్లైడ్ తీయించాలి.

డెంగీ కార్డు నెగెటివ్ వచ్చినా డాక్టరు డెంగీ అంటున్నారు. ఎలా?

కార్డు వెతికేవి రెండు: వైరస్ ప్రొటీను ఎన్‌ఎస్1, దాని మీద ఒళ్లు తయారుచేసే యాంటీబాడీ ఐజీఎం. ఎన్‌ఎస్1 జ్వరం మొదలైన తొలి నాలుగైదు రోజుల్లో బాగా దొరుకుతుంది. ఐజీఎం అయిదో రోజు దాటాక పెరుగుతుంది. నడుమ రోజుల్లో రెండూ తప్పిపోవచ్చు. పరీక్ష రాయించుకునేటప్పుడు జ్వరం ఎన్నో రోజో కచ్చితంగా చెప్పండి.

బీటెక్ ప్రాజెక్టుకు ఒక సెన్సర్ చేయాలి. ఏ మార్కర్‌తో (జబ్బు జాడ తెలిపే పదార్థంతో) మొదలుపెట్టాలి?

సీఆర్‌పీతో. వాపు, ఇన్‌ఫెక్షన్ ఉన్నప్పుడు రక్తంలో పెరిగే ప్రొటీను ఇది. ఇన్‌ఫెక్షన్‌లో లీటరుకు 100 మి.గ్రా. కూడా దాటుతుంది కాబట్టి సున్నితత్వంతో కుస్తీ పట్టనక్కర్లేదు, యాంటీబాడీలూ దొరుకుతాయి. బంగారు ఎలక్ట్రోడ్‌ను అర మోలార్ సల్ఫ్యూరిక్ ఆమ్లంలో, గ్రాఫ్ ఒకేలా వచ్చేదాకా వోల్టేజిని పదేపదే పెంచుతూ తగ్గిస్తూ శుభ్రం చేయండి. ఎథనాల్‌లో 1 మిల్లీమోలార్ మెర్కాప్టోఅన్‌డెకనోయిక్ ఆమ్లంలో రాత్రంతా ఉంచండి. తర్వాత యాంటీబాడీ అంటుకునేలా పొరను సిద్ధంచేసే ఈడీసీ, ఎన్‌హెచ్ఎస్‌తో పావుగంట నుంచి అరగంట. పీబీఎస్ అనే ఉప్పు బఫరులో మిల్లీలీటరుకు 10–50 మైక్రోగ్రాముల యాంటీబాడీతో గంట. మిగిలిన చోట్లు మూయడానికి ఇథనోలమైన్, ఆ తర్వాత 1 శాతం బీఎస్‌ఏ (ఆవు ఆల్బుమిన్ ప్రొటీను). కడగడానికి 0.05 శాతం ట్వీన్ అనే డిటర్జెంటు కలిపిన పీబీఎస్.

ఎక్కువమంది చిక్కుకునేది ఈడీసీ దగ్గరే. నీళ్లలో కలిపాక అది నిమిషాల్లో చెడిపోవడం మొదలవుతుంది, అప్పటికప్పుడు కలపాలి. ట్రిస్ బఫరులోగానీ గ్లైసిన్‌లోగానీ చేస్తే వాటి అమైన్ గుంపులే ఈడీసీని మింగేస్తాయి, యాంటీబాడీ అంటుకోదు. కొన్న యాంటీబాడీ సీసాలో బీఎస్‌ఏ ముందే కలిపి ఉంటే ఎలక్ట్రోడ్‌కు అంటుకునేది చాలావరకు బీఎస్‌ఏనే. కొనేముందు లేబుల్ చూడండి.

బఫరులో చక్కగా పనిచేసింది, సీరం వేయగానే పోయింది. ఎందుకు?

సీరం లీటరులో ఒక్క ఆల్బుమినే 35–50 గ్రాములు ఉంటుంది. అది ఎలక్ట్రోడ్ మీద ఎక్కడ ఖాళీ దొరికితే అక్కడ కూర్చుంటుంది. మీ సిగ్నల్ మార్కర్ వల్ల వచ్చిందా, ఆల్బుమిన్ వల్ల వచ్చిందా తెలియాలంటే, సంబంధం లేని యాంటీబాడీ అతికించిన ఇంకో ఎలక్ట్రోడ్‌ను అదే సీరంలో పక్కనే పెట్టండి. ఈ కంట్రోల్ లేని గ్రాఫును నమ్మడానికి లేదు. ట్రాన్సిస్టర్ రకం సెన్సరైతే ఇంకో అడ్డు ఉంది. రక్తంలోని ఉప్పు వల్ల సెన్సర్‌కు ఒక నానోమీటరు లోపలి ఆవేశాలే కనిపిస్తాయి, యాంటీబాడీ పొడవే పది నానోమీటర్లు. ఉప్పును వందో వంతుకు పలచన చేస్తే ఆ దూరం పది రెట్లు పెరుగుతుంది. కానీ అప్పుడది రక్తంలో కొలిచినట్టు కాదు, ఆ సంగతి రిపోర్టులో స్పష్టంగా రాయాలి.

ఒక్క చుక్కతో వందల పరీక్షలు చేసే మెషిన్ వస్తుందా?

థెరానోస్ అనే అమెరికా కంపెనీ అలాంటి మాటే చెప్పి 2018లో మూతబడింది. వ్యవస్థాపకురాలు ఎలిజబెత్ హోమ్స్ పెట్టుబడిదారులను మోసం చేసినట్టు 2022 జనవరిలో జ్యూరీ తేల్చింది. మోసం సంగతి అటుంచితే, అసలు అడ్డంకి లెక్కలోనే ఉంది. అత్యంత పలచగా, ఒక ఫెమ్టోమోలార్ గాఢతలో ఉండే మార్కర్‌కు మైక్రోలీటరు రక్తంలో ఉండేది సుమారు 600 అణువులు. ఆ చుక్కను వంద పరీక్షలకు పంచితే ఒక్కోదానికి ఆరు. పైగా వేలు పిండితే ఎర్రకణాలు పగిలి పొటాషియం పెరుగుతుంది, కణజాలపు నీరు మిగతావాటిని పలచన చేస్తుంది. ఒక చుక్కతో నాలుగైదు పరీక్షలు చేసే మెషిన్లు ఆస్పత్రుల్లో ఇప్పటికే ఉన్నాయి. వందలు అన్నవాళ్లను ఒక్కో పరీక్షకు ఎంత రక్తం వాడుతున్నారో అడగండి.

వాడిన సూదులు, స్ట్రిప్‌లు ఎక్కడ పడేయాలి?

సూదిని మందపాటి ప్లాస్టిక్ డబ్బాలో వేసి, ముప్పావు నిండాక మూత టేపుతో బిగించి, తడి, పొడి చెత్తలో కలపకుండా విడిగా ఇవ్వండి. పైన "వాడిన సూదులు" అని తెలుగులో రాయండి. స్ట్రిప్‌లను కవరులో చుట్టి ఇవ్వండి. చెత్తబండి మనిషి చేతి తొడుగుల్లేకుండానే సంచీలో చెయ్యి పెడతాడు.